ఫైర్ స్టిక్ మధ్యలో ఆగిపోతుంటే
మారతహళ్లి ఫ్లాట్‌లో పాత టీవీకి ఫైర్ టీవీ స్టిక్ (ఇంటర్నెట్ సినిమాలు చూపించే అమెజాన్ చిన్న పరికరం) పెడితే, సినిమా మధ్యలో ఆరిపోయి మళ్లీ లోగో నుంచి మొదలవుతోందన్నారు కదండీ, కొత్తది కొనకండి. మీరు కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి ఇస్తున్నానన్నారు. పాత టీవీల్లో అది మామూలుగా 0.5 ఆంపియరే. స్టిక్‌కి 5 వోల్టుల దగ్గర 1 ఆంపియర్ కావాలి, అది చాలకే ఆరిపోతుండొచ్చు. దాంతో వచ్చిన అడాప్టర్‌నే గోడ ప్లగ్గులో పెట్టండి.

బఫరింగ్, అంటే నెట్ అందక వీడియో ఆగి చక్రం తిరగడం, ఆ సంగతి వేరు. అపార్ట్‌మెంట్లో ఇరుగుపొరుగు వైఫైలు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ అనే బ్యాండ్ మీదే కిక్కిరిసి ఉంటాయి. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌కి వెళ్లి మీ రౌటర్ ఇచ్చే 5 గిగాహెర్ట్జ్ వైఫై పేరు ఎంచుకోండి. మధ్యలో రెండు గోడలుంటే మాత్రం అది సరిగా అందదు, రౌటర్‌ని హాల్లోకి మార్చాల్సిందే. స్టిక్‌ని టీవీ వెనక ఇరికించకుండా, డబ్బాలోని పొట్టి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో బయటికి వేలాడదీయండి. సిగ్నలూ మెరుగు, వేడీ తక్కువ. ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్ నెట్ వేగం నిలకడగా వస్తే చాలు, పెద్ద ప్లాన్‌కి డబ్బు తగలేయొద్దు.