పసుపు సారం ఎన్‌ఎఫ్-కప్పా-బి దారిని ఆపిందని రాయాలంటే ఏమేం చూపాలి?

మీరడిగింది: హన్మకొండలో ఎం.ఫార్మసీ ప్రాజెక్టు, నిజామాబాద్ మార్కెట్‌లో కొన్న పసుపు కొమ్ముల సారం. ఎల్‌పీఎస్ (వాపు తెప్పించే బ్యాక్టీరియా గోడ పదార్థం) ఇచ్చిన రా 264.7 కణాల్లో (రోగనిరోధక కణాల రకం) నైట్రైట్ (కణాలు వదిలే నైట్రిక్ ఆక్సైడ్‌కు గుర్తు) తగ్గింది. థీసిస్‌లో "ఎన్‌ఎఫ్-కప్పా-బిని (కణంలో వాపు జన్యువులను లేపే ప్రోటీన్) అడ్డుకుంది" అని రాయొచ్చా?

ఇప్పుడే రాయకండి. నైట్రైట్ తగ్గిందంటే కణాలు చచ్చి ఉండొచ్చు, లేదా సారమే నైట్రైట్ కొలతకు అడ్డొచ్చి ఉండొచ్చు. కణాల్లేని మీడియంలో సోడియం నైట్రైట్, సారం కలిపి గ్రీస్ రీడింగ్ (నైట్రైట్‌ను రంగుతో కొలిచే పరీక్ష) తీయండి. సారం లేని బావితో (ప్లేటులోని గుంత) తేడా వస్తే మీ లెక్క సరిచేయాల్సిందే. ఎంటీటీలోనూ (బతికున్న కణాలను రంగుతో కొలిచే పరీక్ష) ఇలాంటి చిక్కే ఉంది: పాలీఫినాల్స్ (పసుపులోని కర్క్యుమిన్ లాంటివి) కణాల సాయం లేకుండానే ఎంటీటీని ఊదారంగుకు మారుస్తాయి, చచ్చిన కణాలు బతికున్నట్టు కనిపిస్తాయి. ఎంటీటీ పోసే ముందు పీబీఎస్‌తో (ఉప్పు బఫర్) రెండుసార్లు కడగండి, కణాల్లేని బావులు కూడా పెట్టండి.

అసలు పని వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను బ్యాండ్లుగా చూపే పద్ధతి) ఉంది. ఎల్‌పీఎస్ టీఎల్‌ఆర్-4కు (కణం పైనున్న గ్రాహకం) తగలగానే ఐకేకే ఎంజైమ్ ఐ-కప్పా-బి-ఆల్ఫాకు (ఎన్‌ఎఫ్-కప్పా-బిని బంధించి ఉంచే ప్రోటీన్) ఫాస్ఫేట్ తగిలిస్తుంది, ప్రోటియాసోమ్ దాన్ని ముక్కలు చేస్తుంది. అప్పటిదాకా బందీగా ఉన్న పి65 (ఎన్‌ఎఫ్-కప్పా-బిలో ఒక భాగం) కేంద్రకంలోకి వెళ్లి ఐనాస్ (నైట్రిక్ ఆక్సైడ్ చేసే ఎంజైమ్), కాక్స్-2, టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6 జన్యువులను లేపుతుంది. అది లేపే వాటిల్లో ఐ-కప్పా-బి-ఆల్ఫా సొంత జన్యువు కూడా ఒకటి. అందుకే 15-30 నిమిషాల్లో మాయమైన బ్యాండ్ గంటకల్లా తిరిగొస్తుంది. 24 గంటలకు లైసేట్ (కణాలు పగలగొట్టిన ద్రవం) తీసి "తేడా లేదు" అనేవాళ్లు చాలామంది. 0, 15, 30, 60 నిమిషాలకు తీయండి. లైసిస్ బఫర్‌లో ఫాస్ఫటేజ్ ఇన్హిబిటర్ మరవొద్దు. ఫాస్ఫో-పి65 యాంటీబాడీకి బ్లాకింగ్ పాలపొడితో కాదు, బీఎస్‌ఏతో (ఆవు సీరం ప్రోటీన్) చేయండి. పోల్చడానికి బే 11-7082 (ఈ దారిని ఆపే రసాయనం) పెట్టండి. పి65 కేంద్రకంలోకి వెళ్లడాన్ని మైక్రోస్కోపులో చూస్తే ఎరుపు రంగు డై వాడండి. కర్క్యుమిన్ తనంతట తానే ఆకుపచ్చగా మెరుస్తుంది.

సారంతో పాటు శుద్ధ కర్క్యుమిన్ కూడా పెట్టండి. 3.68 మిల్లీగ్రాములు 1 మిల్లీలీటర్ డీఎంఎస్‌ఓలో (ద్రావకం) కరిగిస్తే 10 మిల్లీమోలార్. వెయ్యో వంతు పోస్తే 10 మైక్రోమోలార్, డీఎంఎస్‌ఓ 0.1 శాతం. ఆ 0.1 శాతం కంట్రోల్ బావుల్లోనూ ఉండాలి. గొట్టానికి అల్యూమినియం రేకు చుట్టండి. సీరం లేని ఫాస్ఫేట్ బఫర్‌లో, పీహెచ్ 7.2, 37 డిగ్రీల దగ్గర అరగంటలో కర్క్యుమిన్ సుమారు 90 శాతం విరిగిపోతుంది. 10 శాతం సీరం ఉంటే చాలా నిదానిస్తుంది. కాబట్టి ఎల్‌పీఎస్‌కు గంట ముందు ఇస్తే చాలు. రాత్రంతా నానబెట్టి మరునాడు ఎల్‌పీఎస్ ఇస్తే, మీరు కొలిచేది చాలావరకు విరిగిన ముక్కల పని.

మట్టిలో పెరిగిన కొమ్ము కాబట్టి సారంలోనే ఎండోటాక్సిన్ (అంటే ఎల్‌పీఎస్) ఉండొచ్చు. సారం ఒక్కటే ఇచ్చిన బావిలో టీఎన్‌ఎఫ్ పెరిగి, పాలీమిక్సిన్-బి (ఎల్‌పీఎస్‌ను పట్టి పనిచేయనివ్వనిది) చేర్చాక పడిపోతే దోషి అదే. ఇది చాలా థీసిస్‌లలో కనబడదు, వైవాలో మాత్రం అడుగుతారు.

ఇక క్యాన్సర్ మాట. ఇదే దారి బీసీఎల్-ఎక్స్‌ఎల్, సైక్లిన్-డి1లను పెంచి కణితి కణాలను బతికిస్తుందన్నది నిజం. కానీ రా 264.7 ఎలుక మాక్రోఫేజ్. ఎన్‌ఎఫ్-కప్పా-బి ఎప్పుడూ చురుగ్గా ఉండే ఎండీఏ-ఎంబీ-231 లాంటి మానవ రొమ్ము క్యాన్సర్ కణాల్లో, పక్కన మామూలు కణాలు పెట్టి చూపేదాకా ఆ అధ్యాయం జోలికి వెళ్లకండి. 50 మైక్రోమోలార్ దగ్గర కనిపించిన ఫలితాన్ని మందుగా చెప్పుకోవడమూ కుదరదు: రోజుకు 8 గ్రాములు మింగించిన ఒక పరీక్షలో రక్తంలో సగటు గరిష్ఠం 2 మైక్రోమోలార్ లోపే ఉంది.

చేతిలో ఉన్న డేటాతో ప్రస్తుతానికి "విషం కాని మోతాదుల్లో నైట్రైట్ తగ్గింది" అని రాయండి, అదీ ఎంటీటీ పైన చెప్పినట్టు మళ్లీ చేశాకే.