డిస్కును ఖాళీ చేయాలా, డిస్కులో ఖాళీ చేయాలా?

సందేహం: వర్చువల్ ఫైర్‌వాల్ సర్వర్‌ను (నెట్‌వర్క్‌కు కాపలా కాస్తూ, మరో కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్ రూపంలో నడిచేదాన్ని) కొత్త వెర్షన్‌కు అప్‌గ్రేడ్ చేసేవారి కోసం సూచనలు తెలుగులో రాశాను. అందులో "ముందుగా డిస్కును ఖాళీ చేయండి. స్నాప్‌షాట్ తీసి డిస్కు పెంచండి. కనీసం 10 జీబీ ఉండాలి" అని ఉంది. ఈ మూడు వాక్యాలూ ప్రమాదకరమని నా సహోద్యోగి అంటున్నాడు. నాకైతే వ్యాకరణ దోషం కనబడలేదు. సంస్కృత పదాలతో తిరగరాయాలా? చివరగా, 'డిస్క్' అనాలా, 'డిస్కు' అనాలా?

సమాధానం: దోషం లేదు. అయినా మీ సహోద్యోగి భయపడడంలో న్యాయముంది.

'ఖాళీ' మనకు విశేషణమూ అవుతుంది, నామవాచకమూ అవుతుంది. 'ఇల్లు ఖాళీ చేశారు' అంటే సామానంతా ఎత్తుకుని వెళ్లిపోయారని. 'ఇంట్లో కాస్త ఖాళీ చేశారు' అంటే ఉన్నవి సర్ది చోటు చేశారని. తేడా అంతా 'ను', 'లో' అనే రెండు ప్రత్యయాలదే. 'డిస్కును ఖాళీ చేయండి' అన్న మాటను ఉన్నదున్నట్టు పాటిస్తే ఫైర్‌వాల్ నియమాలు, సర్టిఫికెట్లు, లాగులు (సర్వర్‌లో జరిగినవాటి చిట్టాలు) అన్నీ పోతాయి. పోనీ 'ను' తీసేసి 'డిస్కు ఖాళీ చేయండి' అందామా? లాభం లేదు. ప్రాణం లేనివాటి పేర్ల మీద ద్వితీయా విభక్తి 'ను' కనబడకపోయినా దాని అర్థం పోదు. 'డిస్కులో చోటు చేయండి' అంటే ఏ పేచీ ఉండదు.

రెండో వాక్యం ఇంకా చిక్కుది. 'ఫోటో తీయడం'లో అంతకుముందు లేనిది పుడుతుంది. 'ముల్లు తీయడం'లో ఉన్నది పోతుంది. స్నాప్‌షాట్ అంటే వర్చువల్ సర్వర్ ఒక క్షణంలో ఉన్న స్థితిని గుర్తుపెట్టుకునే ఏర్పాటు, ఏదైనా చెడితే ఆ స్థితికి వెనక్కి వెళ్లవచ్చు. స్నాప్‌షాట్ విషయంలో ఈ రెండు పనులూ జరిగేవే. వర్చువల్ సర్వర్లను నడిపే వీఎంవేర్ వంటి వేదికల్లో స్నాప్‌షాట్ ఉన్న వర్చువల్ డిస్కును పెద్దది చేయనివ్వరు. కాబట్టి పాతదాన్ని తీసివేయాలి, డిస్కు పెంచాలి, అప్‌గ్రేడ్‌కు ముందు కొత్తది తీసుకోవాలి. మీ 'తీసి'లో ఏది ఉందో చదివేవాడు ఊహించుకోవాల్సిందే. తీసివేయమన్నప్పుడు తీసుకుంటే పెద్ద నష్టం లేదు, డిస్కు పెరగనని మొరాయిస్తుంది, అంతే. తీసుకోమన్నప్పుడు తీసివేస్తే మాత్రం, అప్‌గ్రేడ్ చెడిన రోజున వెనక్కి వెళ్లే దారి ఉండదు. తెలుగులో 'కొను', 'వేయు' వంటి సహాయక క్రియలున్నది ఇందుకే. 'తీసుకోండి', 'తీసివేయండి' అని విడదీసి రాయండి. సంస్కృతం అక్కర్లేదు.

పని ముగిశాక ఆ స్నాప్‌షాట్‌ను తీసివేయమని కూడా రాయాలి. అది ఉన్నంత కాలం కొత్త రాతలన్నీ వేరే ఫైలులోకి పోతుంటాయి. భద్రతా సర్వర్ నిమిషం ఆగకుండా లాగులు రాస్తూనే ఉంటుంది కనుక ఆ ఫైలు ఉబ్బుతూ పోయి, కింద ఉన్న నిల్వనంతా మింగేయగలదు. స్నాప్‌షాట్‌ను బ్యాకప్ అని రాసేవారున్నారు, అది తప్పు. మూల డిస్కు పాడైతే స్నాప్‌షాట్ ఒక్కటీ ఎందుకూ కొరగాదు.

'డిస్కు పెంచండి' దగ్గర కర్మ ఏదో స్పష్టంగా లేదు. బయట వర్చువల్ డిస్కును 40 జీబీ నుంచి 80 జీబీకి పెంచినంత మాత్రాన లోపలి విభాగం (పార్టిషన్) పెరగదు. విభాగం పెరిగినా దాని మీది ఫైల్ సిస్టం (ఫైళ్లను అమర్చి ఉంచే ఏర్పాటు) తనంతట తాను పెరగాలని లేదు. మూడింటినీ పేరు పెట్టి చెప్పాలి. కొన్ని ఫైర్‌వాల్ సర్వర్లు లోపలి విభాగాలను మనల్ని తాకనివ్వవు. వాటికి తయారీదారు చెప్పిన పద్ధతే శరణ్యం. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే రకం ఫైల్ సిస్టం అయితే పెంచగలమే గానీ మామూలుగా తిరిగి కుదించలేం. 'అవసరమైతే మళ్లీ తగ్గించండి' వంటి వాక్యం చేర్చకండి.

'కనీసం 10 జీబీ ఉండాలి' అన్నది డిస్కు మొత్తం పరిమాణమా, మిగిలిన చోటా? ఏ విభాగంలో? లాగుల విభాగంలో ఎంత ఖాళీ ఉన్నా, అప్‌గ్రేడ్ ప్యాకేజీ విప్పుకునే విభాగం నిండి ఉంటే పని మధ్యలో ఆగుతుంది. ప్యాకేజీకి ఒక చోటు కావాలి, విప్పిన ఫైళ్లకు మరో చోటు కావాలి.

ఇలా రాసి చూడండి:

"బ్యాకప్ తీసుకుని సర్వర్ బయట దాచండి. పాత లాగులను వేరే చోటికి నకలు చేసుకున్నాక, సర్వర్ సొంత ఆదేశంతోనే ఇక్కడ తొలగించండి. అప్‌గ్రేడ్ ప్యాకేజీ ఉండే విభాగంలో కనీసం 10 జీబీ ఖాళీ ఉందో లేదో చూడండి. లేకుంటే పాత స్నాప్‌షాట్లను తీసివేసి, వర్చువల్ డిస్కు పరిమాణాన్ని, లోపలి విభాగాన్ని, ఫైల్ సిస్టంను అదే వరుసలో పెంచండి. కొత్త స్నాప్‌షాట్ తీసుకున్నాకే అప్‌గ్రేడ్ మొదలుపెట్టండి. పని ముగిశాక ఆ స్నాప్‌షాట్‌ను తీసివేయండి."

'సర్వర్ సొంత ఆదేశంతోనే' అన్నది ఊరికే చేర్చలేదు. లినక్స్‌లో ఏదైనా ప్రోగ్రాం తెరిచి ఉంచిన లాగు ఫైలును చేత్తో తొలగిస్తే పేరు పోతుంది, చోటు మాత్రం తిరిగి రాదు. ఆ ప్రోగ్రాం ఫైలును మూసేదాకా డిస్కు నిండుగానే కనిపిస్తుంది.

'డిస్క్' అనాలా, 'డిస్కు' అనాలా అని కూడా చివర్లో అడిగారు. విడిగా ఎలా రాసినా, విభక్తి చేరేసరికి 'డిస్కును', 'డిస్కులో' అనే అంటాం. నేనైతే మొదటినుంచీ 'డిస్కు' అనే రాస్తాను.