సగం నరం వదిలేస్తే మళ్లీ నొప్పి రాదా?

ప్రశ్న: మా పాపకు పన్నెండేళ్లు. కింది దవడ పన్ను పుచ్చిపోయి, చల్లనీళ్లు తాగితే జివ్వుమని లాగుతోంది, రెండు రాత్రులు నిద్రే లేదు. ఒక డాక్టరు గారు రూట్ కెనాల్ తప్పదన్నారు. ఇంకొకరు పైనున్న నరం మాత్రమే తీసి మందు సిమెంట్ వేద్దామంటున్నారు. ఎవరి మాట వినాలి డాక్టర్ గారూ?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఆ రెండో డాక్టరు గారు చెప్పింది తప్పు కాదు, నేనైతే ముందు అదే ప్రయత్నిస్తాను. మేం చదువుకున్న రోజుల్లో, రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి వచ్చిందంటే నరం మొత్తం పోయినట్టే, వేర్ల దాకా తీసేయాల్సిందే అని నేర్పారు. కానీ చాలా పళ్లలో వాపు పైభాగంలోనే ఉంటుంది, వేర్లలోని నరం బాగానే ఉంటుంది. 1965లో ఎలుకల మీద చేసిన ఒక ప్రయోగంలో, సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకలకు పంటి నరం బయటపడేలా రంధ్రం చేస్తే, ఆ నరం తనంతట తానే పైన గట్టి పొర కట్టుకుంది. అంటే నరాన్ని చంపేది రంధ్రం కాదు, అందులోకి చేరే క్రిములు.

లోపల ఎంత బాగుందో ఎక్స్‌రే పూర్తిగా చెప్పలేదు, పన్ను తెరిచాకే తెలుస్తుంది. పైనరం తీశాక వేరు మొదట్లో చిన్న ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. హైపోక్లోరైట్ అనే క్రిములను చంపే ద్రావణంలో తడిపిన దూది ఉండను వాటి మీద కొన్ని నిమిషాలు అదిమి పట్టుకుంటాం. రక్తం ఆగిందా, మిగిలిన నరం బతుకుతుందని ఆశ పెట్టుకోవచ్చు. ఎంతకీ ఆగకపోయినా, చీము కనిపించినా అప్పుడు రూట్ కెనాలే సరి, అందులో మొహమాటం వద్దు.

ఆ సిమెంట్ గురించి భయపడకండి. 1993లో అమెరికాలోని లోమా లిండా యూనివర్సిటీలో టొరాబినెజాద్ బృందం బయటపెట్టిన ఎంటీఏ అనే మందు సిమెంట్ నిజంగా ఇళ్లు కట్టే పోర్ట్‌లాండ్ సిమెంట్ జాతిదే, తడి ఇసుకలా ఉంటుంది, తేమలోనే గట్టిపడుతుంది, నరం దానికింద కొత్త పొర కట్టుకుంటుంది. కాకపోతే గట్టిపడటానికి గంటల తరబడి పడుతుంది, పన్ను రంగు మారుస్తుంది. తర్వాత వచ్చిన బయోడెంటిన్ అనే ఇలాంటి సిమెంట్ పావుగంటలోపే గట్టిపడటం మొదలుపెడుతుంది.

ఒక్కటి మాత్రం తప్పకుండా అడగండి: రబ్బర్ డ్యామ్ వేస్తారా అని. పన్ను చుట్టూ కట్టే ఆ రబ్బరు షీటు లేకపోతే ఉమ్మితోపాటు క్రిములు లోపలికి పోతాయి, ఎంత మంచి సిమెంట్ వేసినా వృథా. పైన ఫిల్లింగో క్యాపో గట్టిగా మూయించండి, ఆరు నెలలకూ ఏడాదికీ ఎక్స్‌రే తీయించండి.

యాంటీబయాటిక్స్ మింగించి వారాలు నెట్టకండి, ఈ నొప్పికి అవి పనిచేయవు. చికిత్స తర్వాత ఒకటి రెండు రోజులు కాస్త సలుపు ఉంటే కంగారు లేదు. రాత్రి నొప్పి మళ్లీ మొదలైనా, చిగురు మీద చిన్న పొక్కు లేచినా ఆ రోజే తీసుకెళ్లండి.