కేబీఆర్ పార్కు నడక రింజని కొండకి సరిపోతుందా?

"వచ్చే సెలవుల్లో బాలి వెళ్తున్నాం. పక్కనే లోంబోక్ దీవిలో రింజని అనే అగ్నిపర్వతం ఉందట. నేను రోజూ కేబీఆర్ పార్కులో ఒక రౌండ్ నడుస్తాను, ట్రెక్కింగ్ అలవాటు మాత్రం లేదు. ఎక్కగలనా?" అని అడిగారు.

ఎక్కగలరు. కానీ ఎక్కడి దాకా అన్నదే నా గొడవ. అది తర్వాత చెప్తాను.

ముందు మీ పార్కు సంగతి. కేబీఆర్‌లో నడక గుండెకి మంచిదే, కాదనను. పొద్దున్నే వెళ్తే నెమళ్ళు కూడా కనిపిస్తాయి. అయితే రింజని ఎత్తు 3,726 మీటర్లు. ఇండోనేసియా అగ్నిపర్వతాల్లో సుమత్రాలోని కెరించి తర్వాత ఇదే ఎత్తైనది. పైకి వెళ్ళాక ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ ఇక్కడ అందే దాంట్లో దాదాపు మూడింట రెండు వంతులే. పార్కులో ఫోన్ మాట్లాడుకుంటూ నడిచే మనిషికి అక్కడ పక్కవాడి పేరు పిలవడానికి కూడా ఓపిక ఉండదు.

మన వాళ్ళు చాలామంది భువనగిరి కోట ఒకసారి ఎక్కొచ్చి ప్రాక్టీస్ అయిపోయింది అనుకుంటారు. భువనగిరి, గోల్కొండ, మౌలాలి గుట్ట అన్నీ గ్రానైటు. దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి రాయి. కాలు పెడితే పట్టు దొరుకుతుంది. రింజని పైభాగం అలా కాదు, అంతా బూడిద, సన్న కంకర. రెండడుగులు పైకేస్తే ఒకడుగు కిందికి జారతారు. దానికి ప్రాక్టీస్ కావాలంటే మీ వీధిలో కొత్త అపార్ట్‌మెంట్ కడుతున్న చోట పోసిన ఇసుక కుప్ప ఎక్కి దిగండి. సరిగ్గా అలాగే ఉంటుంది. హైదరాబాద్‌లో ఇసుక కుప్ప లేని వీధి ఎలాగూ లేదు. మా కాలనీలో ఒకటి సగం రోడ్డు మింగేసి వానాకాలం కూడా దాటేసింది. ఫిర్యాదు చేస్తే ఎవరో వచ్చి ఫోటో తీసుకుని వెళ్ళారు, కుప్ప మాత్రం అలాగే ఉంది. కనీసం ట్రెక్కింగ్‌కి వెళ్ళేవాళ్ళకైనా పనికొస్తుందని నేను ఊరుకున్నాను.

నేను వెళ్ళింది మా బామ్మర్ది ఆఫీసు వాళ్ళ గ్రూపుతో. అందరూ గచ్చిబౌలి సాఫ్ట్‌వేర్ పిల్లలు. నాకంటే చిన్నవాళ్ళు, నాకంటే ఖరీదైన బూట్లు వేసుకున్నవాళ్ళు. సెంబలున్ అనే ఊరి నుంచి మొదలుపెట్టాం. మొదట్లో అంతా నడుము దాకా గడ్డి, మధ్యలో పొడవాటి సరుగుడు చెట్లు. ఎండ మాత్రం మన మే నెల ఎండే. ఆ ఎండలో మా గుడారాలు, బియ్యం, కోడిగుడ్లు, నీళ్ళు అన్నీ మోసింది స్థానిక ససాక్ తెగ కుర్రాళ్ళు. వెదురు కావడి భుజాన వేసుకుని, చెరో కొసకి ఒక బుట్ట కట్టుకుని, కాళ్ళకి రబ్బరు చెప్పులతో మమ్మల్ని దాటుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. మా గ్రూపులో ఒకతను వాళ్ళ కూలి దగ్గర బేరం ఆడాడు. విమానం టికెట్‌కి, బూట్లకి అడగని బేరం కావడి మోసేవాడి దగ్గర గుర్తొస్తుంది మనకి. నాకు ఒళ్ళు మండింది, అక్కడే అనేశాను కూడా. ఆ తర్వాత అతను నాతో సరిగ్గా మాట్లాడలేదు, పోనీలెండి.

సాయంత్రానికి కొండ అంచు మీద, 2,639 మీటర్ల దగ్గర గుడారాలు వేశారు. అక్కడ కోతులు ఎక్కువ. మా అత్తగారు కట్టిచ్చిన చెగోడీల ప్యాకెట్ ఒక కోతి నా చేతిలోంచే లాక్కుపోయింది. మన శ్రీశైలం కోతులకేమీ తీసిపోదు.

రాత్రి రెండింటికి లేపారు. శిఖరం మీద సూర్యోదయం చూడాలంటే అప్పుడే బయల్దేరాలట. తలకి లైట్లు కట్టుకుని వరసగా నడక. చలి ఎముకలు కొరికింది. చివరి గంటన్నర ఆ కంకర మీదే, అటూ ఇటూ చీకటి లోయలు. మా బామ్మర్ది సగంలో కూలబడి "బావా, నేను ఇక్కడే ఉంటా, వచ్చేటప్పుడు తీసుకెళ్ళు" అన్నాడు. ఇంటికెళ్ళి మీ అక్కకి ఏం చెప్పుకోవాలిరా అని లేపి నడిపించాను. పైకి చేరేసరికి ఫోటో కోసం లైను. కొండ పేరు, ఎత్తు రాసున్న బోర్డు పట్టుకుని ఒక్కొక్కరూ రకరకాల పోజులు. మా గ్రూపులో ఒకమ్మాయి చీర కూడా తెచ్చుకుంది, స్వెటర్ మీదే చుట్టుకుంది. పడమర దిక్కున మబ్బుల పైన బాలిలోని అగుంగ్ కొండ కొన కనిపించింది. ఆ మబ్బుల మీదే రింజని నీడ పెద్ద త్రికోణంలా పడింది. లైనులో ఉన్నవాళ్ళు ఎవరూ అటు తిరగలేదు.

సరే, పైనుంచి కిందికి చూస్తే ఒక పెద్ద గిన్నె లాంటి లోయ, అందులో నీలం రంగు సరస్సు, సరస్సు పక్కన ఒక చిన్న నల్ల కొండ. ఆ సరస్సు పేరు సెగర అనక్. నల్ల కొండ పేరు బరుజరి, దానికి ఇప్పటికీ ప్రాణం ఉంది. 2015 నవంబరులో అది కక్కిన బూడిదకి బాలి విమానాశ్రయాన్నే మూసేశారు.

ఆ గిన్నె ఎలా వచ్చిందో తెలిస్తే మీరు శిఖరం గురించి అడగడం మానేస్తారు. అక్కడ ఒకప్పుడు సమలస్ అనే ఇంకో కొండ ఉండేది, ఇప్పటి రింజని కంటే ఎత్తైనది, 4,000 మీటర్లు దాటినది. 1257లో అది పేలిపోయింది. ఇక్కడ ఓరుగల్లులో కాకతి గణపతిదేవుడు ఏలుతున్న రోజులవి. బూడిద 40 కిలోమీటర్లకు పైగా ఎగిసింది. ఆ పేలుడు కక్కిన గంధకం గ్రీన్‌లాండ్ మంచులోనూ దొరికింది, అంటార్కిటికా మంచులోనూ దొరికింది. పదమూడో శతాబ్దంలో ఏదో మహా పేలుడు జరిగిందని శాస్త్రవేత్తలకి మంచును చూసి తెలుసు. ఎక్కడ జరిగిందో ముప్ఫై ఏళ్ళ పాటు అంతుపట్టలేదు. 2013లో లవీన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త బృందం అది ఇక్కడేనని తేల్చింది.

నాకు నవ్వొచ్చేది ఏమిటంటే, లోంబోక్ వాళ్ళ తాటాకు గ్రంథాల్లో ఇది ముందే రాసుంది. సమలస్ కొండ కూలిందని, పమతన్ అనే నగరం నాశనమైందని, జనం పారిపోయారని. అది ఉండగానే ప్రపంచమంతా వెతికారు. మన స్థల పురాణాలు కూడా ఎవరైనా ఓపిగ్గా చదివితే సగం భూగర్భ శాస్త్రం అందులోనే దొరుకుతుందని నా గట్టి నమ్మకం. ఇది మా ఇంట్లో అంటే మా అబ్బాయి ఒప్పుకోడు, ఆధారం చూపించమంటాడు.

ఆ పేలుడులో పడ్డ ప్యూమిస్ రాయిని లోంబోక్‌లో ఇప్పటికీ తవ్వి అమ్ముతున్నారు. మడమలు రుద్దుకునే తేలికపాటి రాయి ఉంటుందే, అదే.

ఇప్పుడు అసలు గొడవ. శిఖరం చూసి కిందికి దిగాక మా గ్రూపు రెండయింది. మిగతావాళ్ళది శిఖరం చూసి వచ్చిన దారినే సెంబలున్‌కి దిగిపోయే ప్యాకేజీ. నేనూ మా బామ్మర్దీ ముందే గొడవపడి సరస్సు కూడా ఉన్నది రాయించుకున్నాం. వాళ్ళు పోస్టులు పెట్టుకుంటూ దిగిపోయారు. మేము గిన్నెలోకి దిగాం. ఆ దిగుడు మోకాళ్ళకి పరీక్షే, రాళ్ళ మీద చేతులు ఆన్చుకుంటూ, అక్కడక్కడా ఇనప కమ్మీలు పట్టుకుంటూ 600 మీటర్ల పైనే దిగాలి. మధ్యాహ్నానికి కింది నుంచి మబ్బు పైకి లేచి మమ్మల్ని ముంచేసింది. గంధకం వాసన మాత్రం వస్తోంది, సరస్సు కనపడదు.

దిగేసరికి అక్కడ జాతర. విదేశీయులు తక్కువ, లోంబోక్ వాళ్ళే ఎక్కువ. సంసారాలు సంసారాలే దిగి గుడారాలు వేసుకున్నారు, గాలాలు వేసి చేపలు పడుతున్నారు, కట్టెల మంట మీద అన్నం ఉడుకుతోంది. కాస్త పక్కన వేడినీటి బుగ్గలు, ఒక మడుగులోంచి ఇంకో మడుగులోకి పొగలు కక్కుతూ దూకుతున్నాయి. రోగాలు తగ్గుతాయని ఎక్కడెక్కడి నుంచో వస్తారట. ఒక పెద్దాయన మోకాళ్ళు ముంచుకుని కూర్చున్నాడు. మా బామ్మర్ది ఆయన పక్కనే నల్లబడ్డ బొటనవేలి గోరు నానబెట్టుకుంటూ ఫోన్ తీసి శిఖరం ఫోటోలు చూపించాడు. పెద్దాయన ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి, వెనకాల లైను చూసి, వీళ్ళంతా దేనికోసం నిలబడ్డారని అడిగాడు. మా గైడు తర్జుమా చేశాడు. ఫోటో కోసం అన్నాం. ఆయన నవ్వు ఆపుకోలేక పక్కవాళ్ళని పిలిచి చూపించాడు. చాలా ఏళ్ళుగా సరస్సుకి వస్తున్నాడట, పైకి ఒక్కసారి కూడా వెళ్ళలేదట.

అప్పుడే గైడు చెప్పాడు, కొండ పైన దేవి అంజని ఉంటుందని, కంటికి కనపడని జీవులకి ఆమె రాణి అని. ససాక్‌లు ముస్లింలే, అయినా కొండ దగ్గర ఆమె పేరు మర్యాదగానే తలుస్తారు. బాలి హిందువులైతే ఏటా పెకెలెం అనే పూజకి ఈ సరస్సుకే వచ్చి, బంగారు నగలు నీళ్ళలో సమర్పించుకుంటారు. గమనించండి, సరస్సుకే. జావా తోలుబొమ్మలాటల్లో అంజని అంటే హనుమంతుడి తల్లి అని గైడు అనగానే మా బామ్మర్ది మడుగులోనే లేచి నిలబడి హనుమాన్ చాలీసా అందుకున్నాడు. వాడు కర్మన్‌ఘాట్ గుడికి వారం తప్పకుండా వెళ్ళే మనిషి. పెద్దాయన అది అయ్యేదాకా మర్యాదగా చూసి, తర్వాత కాల్చిన చేప ఒకటి పుల్లకి గుచ్చి చేతికిచ్చాడు. ఆ రోజు శనివారం. వాడు శనివారం నీచు ముట్టడు. ఒక్క క్షణం ఆలోచించి "సముద్రం దాటాక శనివారం ఉండదు బావా" అని తినేశాడు. ఇది మా చెల్లెమ్మకి, అంటే వాడి భార్యకి తెలియదు. ఈ సైటు ఆమె చదవదని నా ధైర్యం.

ఇంకో మాట. 1856లో వాలెస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త బాలి నుంచి లోంబోక్‌కి పడవలో దాటి, ఆ కాస్త నీటికే పక్షులు మారిపోయాయని కనిపెట్టాడు. బాలి వైపు ఆసియా పక్షులు, ఇటు ఆస్ట్రేలియా వైపు ఉండే కాకటూ చిలకలు. రింజని పేరుతో ఒక గుడ్లగూబ కూడా ఉంది, దాన్ని వేరే జాతిగా గుర్తించింది 2013లోనే. ఆ రాత్రి సరస్సు దగ్గర ఏదో అరిచింది. అది గుడ్లగూబేనని నేను, కాదు పక్క గుడారంలో ఎవరి ఫోనో మోగిందని మా బామ్మర్ది. నేను విన్నది గుడ్లగూబనే.

అందుకే అంటున్నాను, శిఖరం అర్ధరాత్రి హడావుడి. కొండ ఉన్నది కింద. మీది పార్కు నడక కాబట్టి శిఖరం దాకా వెళ్ళలేకపోతే బెంగ పెట్టుకోకండి, అంచు దాకా ఎక్కి లోపలికి దిగండి. ఎవరేమన్నా సరే.

భయపెట్టడం కాదు గానీ, ఇది పిక్నిక్ కొండ కాదు. 2018 జులై 29న 6.4 తీవ్రతతో భూకంపం వచ్చి కొండచరియలు దారి మూసేస్తే ఐదొందల మందికి పైగా పైన చిక్కుకుపోయారు. 2025 జూన్‌లో బ్రెజిల్ నుంచి వచ్చిన ఒకమ్మాయి శిఖరం దారిలో జారిపడి చనిపోయింది. గైడు లేకుండా అడుగు వేయొద్దు, గ్రూపు వెనకబడ్డవాళ్ళని వదిలి ముందుకెళ్తుంటే గట్టిగా పోట్లాడండి. తలకి కట్టుకునే లైటుకి అదనపు బ్యాటరీలు, చేతి తొడుగులు, కంకర బూట్లలో పడకుండా మడమల దగ్గర కట్టుకునే గుడ్డ తొడుగులు తీసుకెళ్ళండి. ప్యాకేజీ మాట్లాడేటప్పుడు సెంబలున్‌లో ఎక్కి, సరస్సు చూసి, సెనరు అనే ఊరి వైపు దిగేది కావాలని అడగండి. శిఖరం ఒక్కటే చాలు, మిగతాది టైం వేస్ట్ అనే ఏజెంటు దొరికితే ఇంకొకరిని వెతుక్కోండి. కావడి మోసేవాళ్ళకి టిప్పు వాళ్ళ చేతికే ఇవ్వండి.

వానల వల్ల మామూలుగా జనవరి నుంచి మార్చి దాకా కొండ మూసేస్తారు. కాబట్టి మీరు అన్న సెలవులు సంక్రాంతివి అయితే టికెట్లు కొనకండి. దసరా సెలవులైతే సరిపోతాయి.