రోగిని వెల్లకిలా పడుకోబెట్టకు

తమ్ముడూ,

కథ అందింది. భార్య పాత్ర బాగా కుదిరింది. ఆస్పత్రి ఘట్టం దగ్గరే నాకు కోపం వచ్చింది. పాంక్రియాటైటిస్‌తో, అంటే కడుపు వెనకుండే పాంక్రియాస్ అనే జీర్ణగ్రంథి వాపుతో, చేరిన మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, రెండు పేజీల పశ్చాత్తాపం పలికించావు. ఆ నొప్పి పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పొడుచుకుపోతుంది. వెల్లకిలా పడుకుంటే ఇంకా ఎక్కువవుతుంది. ముందుకు వంగి, మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటేనే కాస్త ఊరట. వాంతి చేసుకున్నా తగ్గదు. ఇక ఉపన్యాసానికి ఓపిక ఎక్కడిది?

మా బావమరిది మంచం పక్కన రాత్రుళ్లు కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా. అతని రక్తం తీసిన ట్యూబులో పైన తెల్లగా మీగడలా కొవ్వు తేలింది. నర్సు దాన్ని లైటుకు అడ్డంపెట్టి చూసి, డాక్టరు కోసం పరుగెత్తింది. ట్రైగ్లిజరైడ్లు, రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు! డెసిలీటరుకు 150 మిల్లీగ్రాముల లోపు ఉండాల్సినవి 1000 దాటితే పాంక్రియాస్‌కు ముప్పే. నీ డాక్టరేమో కొలెస్ట్రాల్‌ను తిడుతూ కూర్చున్నాడు. లైపేజ్ ఎంజైమ్ ఆ కొవ్వును విడగొడితే పుట్టే ఫ్యాటీ ఆసిడ్లు ఆ గ్రంథి కణాలనే గాయపరుస్తాయి. అతిగా తాగితే, పేగులోకి చేరాక పనిచేయాల్సిన ఎంజైములు గ్రంథిలోనే మేలుకుని దాన్నే అరిగించడం మొదలుపెడతాయి. పైగా మద్యం ట్రైగ్లిజరైడ్లనూ పెంచుతుంది. ఒకే ఒంట్లో రెండూ కలిస్తే ఎంత ప్రమాదమో చూడు. నీకు కావలసిన నాటకమంతా అక్కడే ఉంది.

ఒక్కటి మాత్రం పట్టుబట్టి చెబుతా. రోగాన్ని శిక్షగా రాయకు. తాగేవాళ్లందరికీ ఇది రాదు. చుక్క ముట్టనివాళ్లకు పిత్తాశయంలో రాళ్ల వల్ల వస్తుంది, పుట్టుకతోనే రక్తంలో కొవ్వు ఎక్కువున్నవాళ్లకూ వస్తుంది. ఇలాంటి కథే నేనొకటి పంపితే, ఒక సంపాదకుడు రక్తపరీక్ష పేరా మొత్తం కొట్టేసి, చివర్లో తాగుడు మానమని నీతి చేర్చమన్నాడు. చేర్చలేదు. ఆ కథ ఏళ్ల తరబడి అచ్చుకాలేదు. పాఠకుడికి ఒళ్లెలా పనిచేస్తుందో చెబితే విసుగొస్తుందని వీళ్లకు ఎవరు చెప్పారో!

నీ హీరోని చంపకు. చాలామంది కొద్ది రోజుల్లో కోలుకుని ఇంటికొస్తారు. మళ్లీ తాగితే మళ్లీ వచ్చే ప్రమాదం ఉంది. పదేపదే వస్తే గ్రంథి దెబ్బతిని షుగర్ రావచ్చు, తిన్న కొవ్వు అరగక మనిషి చిక్కిపోవచ్చు. ఇదంతా తెలిసిన భార్య అతన్ని ఇంట్లో ఎలా కాచుకుంటుందో రాయి. ఏ పత్రికకు పంపాలన్నది తర్వాత చూద్దాం. ఆస్పత్రికి ముందున్న పేజీలు ముట్టుకోకుండా మిగతాది తిరగరాసి పంపు.

ఉంటాను.