ఇండికేటర్ డూమ్‌లోకి నీళ్లు: బయట రిపేరు చేయిస్తే వారంటీ పోయినట్టేనా?

ప్రశ్న: లాయర్ గారూ, కొత్త కారు కొని 14 నెలలైంది. మూడేళ్ల వారంటీ ఉంది. వాన పడినప్పుడల్లా ముందు ఎడమవైపు ఇండికేటర్ డూమ్‌లోకి (బల్బు చుట్టూ ఉండే పారదర్శకమైన గూడులోకి) నీళ్లు చేరుతున్నాయి. మొదటిసారి సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే ‘ఇది తేమ సార్, అన్ని కార్లకీ మామూలే’ అని ఆరబెట్టి పంపించారు. రెండు వారాలకే మళ్లీ అదే కథ. విసుగొచ్చి బయట మెకానిక్‌తో అంచుల వెంబడి సిలికాన్ పెట్టించాను. నీళ్లు ఆగలేదు సరికదా, బల్బు కూడా పోయింది. డూమ్ మార్చమంటే ‘బయట చేయి పెట్టించారు కాబట్టి వారంటీ పోయింది’ అంటున్నారు. నిజమేనా? కేసు వేయొచ్చా?

జవాబు: వాళ్లు నోటితో అన్నంత మాత్రాన వారంటీ పోదు. కాకపోతే సిలికాన్ పెట్టించి మీ కేసును మీరే కొంత పలచన చేసుకున్నారు.

ముందు తేమ సంగతి. సర్వీస్ సెంటర్ మాట పూర్తిగా అబద్ధం కాదు. చాలా డూమ్‌లకు వెనక చిన్న గాలి రంధ్రం ఉంటుంది. బల్బు వేడికి లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, చల్లారాక తిరిగి లోపలికి వస్తుంది. దానితోపాటు వచ్చిన తేమ పైపలక లోపలివైపు మంచు పట్టినట్టు కనిపించి, లైట్లు కాసేపు వెలిగితేనో ఎండ తగిలితేనో పోతుంది. దాన్ని కోర్టుకి తీసుకెళ్లి లాభం లేదు. అడుగున నీళ్లు నిలబడటం, చుక్కలు కారడం, ఎండిపోయాక చారలు మిగలడం వేరు. అంటే డూమ్ అతుకు వదిలిందనో, బల్బు హోల్డర్ రబ్బరు రింగు సరిగ్గా కూర్చోలేదనో, ఎక్కడో వెంట్రుకవాసి పగులు ఉందనో అర్థం. దెబ్బ తగిలిన గుర్తు లేకుండా వారంటీ గడువులోనే ఇలా జరిగితే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(10) చెప్పే ‘లోపం’ కిందకి వస్తుందని గట్టిగా వాదించవచ్చు.

ఇప్పుడు మీ మొదటి జాబ్ కార్డు, అంటే కారు ఇచ్చినప్పుడు సర్వీస్ సెంటర్ రాసిన కాగితం, బయటికి తీయండి. కస్టమర్ ఫిర్యాదు అనే చోట ఏం రాశారు? ‘ఇండికేటర్‌లో నీరు’ అని ఉంటే సగం పని అయినట్టే. నా దగ్గరికి వచ్చిన ఒకాయన నీళ్ల గురించే మూడుసార్లు వెళ్లాడు. మూడు కార్డుల్లోనూ ‘జనరల్ చెకప్’ అని ఉంది. కింద ఆయన సంతకాలు మాత్రం మూడూ ముచ్చటగా ఉన్నాయి!

మీకు ఆ కార్డు ఎందుకు ముఖ్యమంటే, దాని తేదీ సిలికాన్ కంటే ముందుది. వారంటీ బుక్‌లెట్లు సాధారణంగా మినహాయించేది బయటి రిపేరు వల్ల కలిగిన నష్టాన్ని. మెకానిక్ చేయి పడకముందే నీళ్లు వచ్చాయని వాళ్ల కాగితమే చెబుతుంటే, లీకేజీ నెపాన్ని మెకానిక్ మీదకి నెట్టడం కష్టం. మీ బుక్‌లెట్‌లో సరిగ్గా ఏ మాటలున్నాయో ఒకసారి చదువుకోండి.

బల్బు విషయంలో మాత్రం వాళ్ల వాదనకీ బలం ఉంది. మెకానిక్ సిలికాన్‌తో గాలి రంధ్రాన్ని కూడా మూసేసి ఉంటే నీళ్లు లోపలే ఉండిపోతాయి. వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ అయితే, ఆరేటప్పుడు వదిలే ఆమ్లం హోల్డర్‌లోని లోహపు కాంటాక్టులను తినేస్తుంది. నన్నడిగితే బల్బు, హోల్డర్ కోసం పట్టుబట్టకండి. డూమ్ దగ్గర మాత్రం తగ్గకండి.

ఇక నుంచి దాన్ని ఎవరితోనూ ముట్టించొద్దు. డూమ్‌కి కింద రంధ్రం పెడితే నీళ్లు పోతాయని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, అది సాక్ష్యానికే రంధ్రం. నంబర్ ప్లేటు దగ్గర మొదలుపెట్టి డూమ్ వరకు ఎక్కడా కట్ లేకుండా వీడియో తీయండి. లోపల నీళ్లు ఎంతవరకు ఉన్నాయో స్పష్టంగా కనపడాలి. రోడ్డు మీదకి వెళ్లాలి కాబట్టి బల్బు మార్చుకోండి, పాతదాన్ని, బిల్లును కవర్లో వేసి దాచండి. మార్చాక ఇండికేటర్ వేసి నిమిషానికి ఎన్నిసార్లు వెలుగుతోందో లెక్కపెట్టండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం అది 60కి తగ్గకూడదు, 120కి మించకూడదు. దడదడా కొట్టుకుంటుంటే లోపల ఇంకా ఏదో తేడా ఉన్నట్టే, అదీ వీడియోలో ఉండనివ్వండి.

తర్వాత డీలర్‌కీ, తయారీ కంపెనీకీ ఒకే ఈమెయిల్ పంపండి. జరిగింది నాలుగు వాక్యాల్లో రాసి, బుక్‌లెట్‌లోని ఏ షరతు కింద తిరస్కరిస్తున్నారో రాతపూర్వకంగా చెప్పమనండి. ఈ ఒక్క వాక్యానికే చాలామంది దారిలోకి వస్తారు. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, 15 రోజుల గడువుతో నోటీసు ఇవ్వండి.

అప్పటికీ కదలకపోతే అదే చట్టం సెక్షన్ 35 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. ఇక్కడ చాలామంది పొరబడతారు. లెక్కలోకి వచ్చేది డూమ్ ఖరీదు కాదు, కారుకి మీరు చెల్లించిన మొత్తం. అది 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్ చాలు. మీరు ఉంటున్న జిల్లాలోనే వేసుకోవచ్చు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. వకీలు తప్పనిసరి కాదు (నా పొట్ట నేనే కొట్టుకుంటున్నాను). డీలర్, కంపెనీ ఇద్దరినీ పార్టీలుగా చేర్చండి, లేకపోతే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. లోపం ఉందని చూపాల్సింది మొదట మీరే. అవసరమైతే డూమ్‌ను ల్యాబ్ పరీక్షకు పంపే అధికారం కమిషన్‌కి సెక్షన్ 38 కింద ఉంది. అందుకే ఈలోగా మీరే కొత్తది కొని వేయించుకున్నా పాతదాన్ని పారేయొద్దు. కారును ఏదైనా సంస్థ పేరు మీద వ్యాపారం కోసం కొని ఉంటే మీరు వినియోగదారు కాదని మొదటే అభ్యంతరం పెడతారు, అది చూసుకోండి.

ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. వాళ్లు మొదటిసారి కాదన్న రోజు నుంచి లెక్కేసుకోవడం క్షేమం. ఈమెయిళ్లు నడుస్తున్నాయి కదా అని ఆగితే గడువు ఆగదు.

అడిగేది కూడా కొలతలో ఉండాలి. కొత్త డూమ్, ఖర్చులు, తిప్పుకున్నందుకు సబబైన పరిహారం చాలు. ఒక ఇండికేటర్ కోసం కారే మార్చివ్వమంటే, న్యాయమైన మీ ఫిర్యాదు కూడా కక్షలా కనపడుతుంది.

ఒకవేళ డూమ్ మారుస్తామని ఒప్పుకుంటే, జాబ్ కార్డులో ‘నీరు చేరుతున్నందున డూమ్ మార్చాము’ అని రాయించండి. అక్కడే పైపుతో నీళ్లు కొట్టించి, అరగంట ఆగి లోపల చూశాకే సంతకం పెట్టండి.