డీఎన్‌ఎస్ అంకెలు మార్చితే ఎన్‌క్రిప్షన్ వచ్చినట్టేనా?

ప్రశ్న: సీతమ్మధారలో మాది మూడంతస్తుల ఇల్లు. కింద హాల్లో ఫైబర్ కనెక్షన్ వారు పెట్టిన మోడెమ్ ఉంది. దానికి మెష్ వైఫై (ఒకే నెట్‌వర్క్‌గా పనిచేసే కొన్ని వైఫై యూనిట్ల ఏర్పాటు) తగిలించి, అంతస్తుకొక యూనిట్ పెట్టుకున్నాం. ఇటీవల మా అబ్బాయి మెష్ యాప్‌లో డీఎన్‌ఎస్ దగ్గర 1.1.1.1 అని నింపి, ఇకపై మనం ఏ వెబ్‌సైట్లు చూస్తున్నామో ఇంటర్నెట్ కంపెనీకి కనబడదని చెబుతున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ అబ్బాయి చేసిన మార్పు వల్ల నష్టమేమీ లేదు గానీ, అతను చెప్పిన ఫలితం మాత్రం దాని వల్ల రాదు. వెబ్‌సైటు పేరును ఐపీ చిరునామాగా, అంటే ఇంటర్నెట్‌లో దాని అంకెల చిరునామాగా మార్చి చెప్పేదే డీఎన్‌ఎస్ సర్వర్. 1.1.1.1 అనేది క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ నడిపే అలాంటి సర్వర్. యాప్‌లో అంకెలు మార్చినప్పుడు, ఆ ప్రశ్న ఇంటర్నెట్ కంపెనీ సర్వర్‌కు కాకుండా క్లౌడ్‌ఫ్లేర్ సర్వర్‌కు వెళుతుంది. అయితే అది మునుపటిలాగే 53వ పోర్టు (రాకపోకలకు అంకె వేసిన ద్వారం) మీదుగా, ఏ ఎన్‌క్రిప్షన్ (ఇతరులు చదవలేని గూఢభాషలోకి మార్చడం) లేకుండా, మీ కంపెనీ తీగల గుండానే ప్రయాణిస్తుంది కాబట్టి, కంపెనీ చూడదలచుకుంటే నిరాటంకంగా చూడవచ్చు. ఎన్‌క్రిప్షన్ కావాలంటే 2016లో ప్రమాణంగా వెలువడిన ‘డీఎన్‌ఎస్ ఓవర్ టీఎల్‌ఎస్’ గానీ, 2018లో వచ్చిన ‘డీఎన్‌ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్’ గానీ వాడాలి. మొదటిది 853వ పోర్టును వాడుతుంది. రెండవది 443వ పోర్టు మీద మామూలు వెబ్ రాకపోకలలో కలిసిపోతుంది.

ఇంటి మొత్తానికీ ఒకేచోట చేయదలిస్తే ముందుగా, ఇంట్లో ఫోన్లకు చిరునామాలు పంచుతున్నది మోడెమా, మెష్ ప్రధాన యూనిట్టా అన్నది తేల్చుకోండి. ఫోన్‌లో వైఫై వివరాలు తెరిచి, గేట్‌వే (ఫోన్ బయటికి వెళ్లే ద్వారం) అన్న చోట ఉన్నది మోడెమ్ చిరునామాయే అయితే మీ మెష్ బ్రిడ్జ్ పద్ధతిలో, అంటే తాను చిరునామాలు పంచకుండా వైఫైని మాత్రమే అందిస్తూ ఉన్నట్టు. అప్పుడు మెష్ యాప్‌లో డీఎన్‌ఎస్ ఏది పెట్టినా ఫోన్ల వరకు చేరదు, మార్పు మోడెమ్‌లోనే జరగాలి. గేట్‌వే మెష్‌ది అయితే ప్రధాన యూనిట్‌లో మార్చితే చాలు, పై అంతస్తుల యూనిట్లను ముట్టుకోనక్కరలేదు.

ఆ పరికరం సెట్టింగ్స్‌లో పైన చెప్పిన రెండు ఎన్‌క్రిప్షన్ పద్ధతులలో ఏదో ఒకటి పేరుతో సహా కనిపిస్తే పని సులువు. చాలా మెష్ మోడళ్లలో అది ఉండదు. అలాంటప్పుడు రాస్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటర్‌లో, డీఎన్‌ఎస్ ప్రశ్నలను ఎన్‌క్రిప్ట్ చేసి పంపగల యాడ్‌గార్డ్ హోమ్ అనే సాఫ్ట్‌వేర్ నడిపి, ఇంటి డీఎన్‌ఎస్ ప్రశ్నలన్నీ దానికి మళ్లించవచ్చు. ముచ్చటైన ఏర్పాటే గానీ, అది ఆగిపోయిన రోజున ఇల్లంతటికీ ఇంటర్నెట్ ఆగిపోతుంది. అబ్బాయి పై చదువులకు ఊరు విడిచి వెళితే దాన్ని చూసుకునేవారు ఎవరో ముందే ఆలోచించుకోవాలి. ఆ భయంతో రెండవ డీఎన్‌ఎస్‌గా గూగుల్ వారి 8.8.8.8 పెడతారు కొందరు. అలా పెడితే, మొదటిది బాగా పనిచేస్తున్నప్పుడు కూడా కొన్ని పరికరాలు రెండవదాన్ని అడుగుతాయి గనుక, ఎన్‌క్రిప్షన్ లేని దారి తెరిచి ఉంచినట్టే అవుతుంది.

నన్నడిగితే మీ ఇంటికి ఫోన్లలోనే పెట్టుకోవడం మేలు. ఆండ్రాయిడ్ 9 నుంచి ‘ప్రైవేట్ డీఎన్‌ఎస్’ అనే సెట్టింగ్ ఉంది. అందులో ‘ఆటోమేటిక్’ అని వదిలేస్తే, సర్వర్ ఒప్పుకోనప్పుడు ఫోన్ చడీచప్పుడు లేకుండా పాత పద్ధతికి దిగిపోతుంది. కాబట్టి సర్వర్ పేరే ఇవ్వండి, ఉదాహరణకు ఇంగ్లీషు అక్షరాలలో ‘dns.google’ అని. లాగిన్ పేజీ అడిగే బయటి వైఫైలలో ఒక్కోసారి ఇది అడ్డుపడుతుంది, అక్కడ కాసేపు తీసేయవలసి ఉంటుంది. ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి యాప్ ద్వారా గానీ ప్రొఫైల్ ద్వారా గానీ చేసుకోవచ్చు. చాలా టీవీలలో మాత్రం ఈ దారి ఉండదు.

రౌటర్‌లోనే, అంటే చిరునామాలు పంచే మోడెమ్‌లో లేదా మెష్ ప్రధాన యూనిట్‌లో చేయదలిస్తే ఐపీవీ6ను (ఐపీవీ4 అనే పాత చిరునామాల పద్ధతి తర్వాత వచ్చిన కొత్త పద్ధతిని) మరువకండి. ఐపీవీ4కు అన్నీ సరిచేసినా, మోడెమ్ వేరుగా ఐపీవీ6 డీఎన్‌ఎస్ చిరునామాను పంచుతూ ఉంటే ఫోన్లు దానినే పట్టుకోవచ్చు. క్లౌడ్‌ఫ్లేర్ వాడేవారు బ్రౌజర్‌లో 1.1.1.1/help అన్న పేజీ తెరిచి ఫలితం చూసుకోవచ్చు. అయితే క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లకు సొంతంగా సెక్యూర్ డీఎన్‌ఎస్ (ఎన్‌క్రిప్ట్ చేసిన డీఎన్‌ఎస్) ఉంది కాబట్టి, దాన్ని ఆపి చూస్తేనే రౌటర్ సంగతి తెలుస్తుంది.

ఇంతా చేశాక కూడా, మీరు ఏ ఐపీ చిరునామాతో మాట్లాడుతున్నారో కంపెనీకి కనిపిస్తూనే ఉంటుంది. చాలా సైట్ల విషయంలో కనెక్షన్ మొదలయ్యేటప్పుడు సైటు పేరు కూడా బయటపడుతుంది. పేర్ల జాబితా మొత్తం ఇప్పుడు క్లౌడ్‌ఫ్లేర్‌కో గూగుల్‌కో చేరుతుందన్నది కూడా మీ అబ్బాయికి చెప్పండి.

గాలివానకు కరెంటు పోయి వచ్చాక ఇంటర్నెట్ రావడం లేదనిపిస్తే గడియారాన్ని అనుమానించండి. ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతులు రెండూ వాడే టీఎల్‌ఎస్ సర్టిఫికెట్‌ను (సర్వర్ గుర్తింపు పత్రాన్ని) సరిచూడడానికి పరికరానికి సరైన తేదీ తెలియాలి. బ్యాటరీ గడియారం లేని పెట్టె తిరిగి లేచినప్పుడు దాని తేదీ వెనకబడి ఉండవచ్చు, సమయం అడుగుదామంటే టైమ్ సర్వర్ పేరుకు మళ్లీ డీఎన్‌ఎస్సే కావాలి. టైమ్ సర్వర్‌ను పేరుతో కాక ఐపీ చిరునామాతో ఇస్తే ఈ చిక్కు తొలగుతుంది. మోడెమ్‌నూ ప్రధాన యూనిట్‌నూ ఇన్వర్టర్ లైనులో పెట్టుకుంటే చాలాసార్లు అంతదాకా రాదు.